చూసుకోవడం అంటే ముందు చూడటం

(మా డాక్టరు గారి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఏడాది స్మారకోపన్యాసం నన్ను చెయ్యమన్నప్పుడు రెండు రోజుల పాటు జవాబు చెప్పలేకపోయాను. డాక్టరు గారి గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అయితే ఆయన స్కూటరు వెనక సీటు మీద కూర్చుని, మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని ఈ డెల్టా ఊళ్ళన్నీ తిరిగిన శిష్యురాలిని నేను. ఆ తిరుగుళ్ళలో నేర్చుకున్న ఒక్క విషయం మీతో చెప్పి కూర్చుంటాను. ఇంట్లో పెద్దవాళ్ళను ఎలా చూసుకోవాలన్నదే ఆ విషయం.

1992 వానాకాలం. హౌస్ సర్జన్సీ ముగించి ఆయన దగ్గర చేరి నెల కూడా కాలేదు. కాలవ గట్టున ఒక పెంకుటింటి నుంచి కబురొచ్చింది. డెబ్బయ్యేళ్ళు దాటిన రైతు, పదిహేను రోజుల్లో మూడుసార్లు పడ్డాడట. "కళ్ళు తిరుగుతున్నాయంటున్నాడండీ, బలానికి ఒక సెలైన్ పెట్టండి" అన్నాడు కొడుకు. నేను పెద్దాయన్ని కూర్చోబెట్టి బీపీ చూశాను. పైది 150. మాత్ర డోసు పెంచాలేమో అనుకున్నాను. డాక్టరు గారు ఏమీ అనకుండా ఆయన్ని అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూశారు. తరవాత లేపి నిలబెట్టి, నిమిషం తరవాత ఒకసారి, మూడు నిమిషాల తరవాత ఒకసారి చూశారు. 150 కాస్తా 116కి దిగిపోయింది. పెద్దాయన స్తంభం పట్టుకున్నాడు.

"ఇంట్లో ఉన్న మందులన్నీ పట్రామ్మా" అన్నారు కోడలితో. ఆవిడ బిస్కెట్ల డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. పదకొండు రకాల మాత్రలు. వాటిలో రెండు ఒకే మందు, కంపెనీ పేర్లే వేరు. ఒకటి మేం రాసింది, రెండోది పట్నంలో రాసింది. రెండూ పొద్దున్నే కాఫీతో వేసుకుంటున్నాడు.

అప్పుడు డాక్టరు గారు, "రాత్రిళ్ళు బయటికి ఎటు వెళ్తారు పెద్దాయనా?" అని అడిగి ఆయన వెనకే నడిచారు. నులక జారిపోయి మంచం మోకాళ్ళ కంటే దిగువకు ఉంది. వసారా గడప జానెడెత్తు. లైటు స్విచ్చి గడప అవతలి గోడకు ఉంది. మెట్టు దిగగానే బట్టలుతికే బండ, దాని చుట్టూ పాచి. పెరటి దాకా వెళ్ళి వచ్చాక డాక్టరు గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అదే దారిన మళ్ళీ ఒక్కరే నడిచారు. ఎందుకండీ అని అడిగితే, "ఆయనకు రెండు కళ్ళకూ శుక్లాలున్నాయి. ఆయనకు కనపడేదేమిటో నాకూ కనపడాలిగా" అన్నారు.

ఆ రోజు ఆయన కొత్త మందు ఒక్కటీ రాయలేదు, ఉన్నదాంట్లోంచే ఒకటి తీసేశారు. నులక బిగించి మంచం కోళ్ళ కింద చెక్కలు వెయ్యమన్నారు. స్విచ్చి తలాపికి మార్పించమన్నారు. రాత్రికి మంచం పక్కనే మూత ఉన్న డబ్బా పెట్టమన్నారు. పాచి గీకి బ్లీచింగు చల్లమన్నారు. వెళ్తూ వెళ్తూ కోడలితో, "గడపకు పసుపు పండగ పూటే కాదమ్మా, రోజూ దట్టంగా రాయి. మీ మామగారికి అంచు కనపడుతుంది" అన్నారు. కొడుకు ముఖంలో అసంతృప్తి. డాక్టరొచ్చి చీటీ రాయకుండా వెళ్ళిపోవడం ఏమిటని. ఆ పెద్దాయన ఆ తరవాత ఎనిమిదేళ్ళు బతికాడు. మళ్ళీ పడ్డాడన్న కబురు మాకు రాలేదు.

ఒకే క్రియ, మూడు మాటలు

మన భాషలో ఒక విశేషముంది. "మీ అమ్మను ఎవరు చూసుకుంటున్నారు?" అని అడుగుతాం. పోషించడం, కాపాడటం, సేవ చెయ్యడం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఆ మాట పుట్టింది "చూడు" అన్న క్రియలోంచి. చూడకుండా చూసుకోవడం కుదరదని మన పూర్వులు మాటలోనే చెప్పి పెట్టారు. అదే క్రియలోంచి మూడో మాట ఒకటి వచ్చింది. "చూద్దాం." పని వాయిదా వెయ్యడానికి మనం వాడేది అదే.

నా జీవితంలో ఈ మూడో మాట చేసిన పని మీకు చెప్పాలి.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఎనభై ఒకటో ఏడు. మాది అపార్టుమెంటు, బాత్రూములో నున్నటి టైల్సు. "ఒసే, పట్టుకోడానికి గోడకు ఏదన్నా పెట్టించవే" అని అమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ "చూద్దాంలే అమ్మా" అన్నాను. ఆమె బీపీ, షుగరు, థైరాయిడ్ లెక్కలు మాత్రం నెలనెలా పుస్తకంలో రాసేదాన్ని. డాక్టర్ని కదా, చూసుకుంటున్నాననే అనుకున్నాను.

ఒక తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ లేచి బాత్రూములోకి వెళ్ళింది. నన్ను లేపడం ఇష్టం లేక లైటు వెయ్యలేదు. తిరిగి వస్తూ కాలు జారి, తువ్వాళ్ళు ఆరేసే రాడ్డు పట్టుకుంది. అది తువ్వాలు బరువుకు బిగించింది, మనిషి బరువుకు కాదు. మేకులతో సహా ఊడొచ్చింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. నేను లేచేసరికి ఆరు కావస్తోంది. గడియ పగలగొట్టి తలుపు తోద్దామంటే అమ్మ తలుపుకు అడ్డంగా పడి ఉంది. గంటన్నరకు పైగా ఆ చల్లటి గచ్చు మీద తడి చీరతో పడుకుంది. నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట, "నీ నిద్ర పాడు చేశానే" అని.

తొడ ఎముక మెడ విరిగింది. మర్నాడే ఆపరేషన్ జరిగింది. ముప్ఫయ్యేళ్ళు ఇతరుల ఇళ్ళు చూసిన నేను నా ఇల్లు చూడలేదు. ఇది చెప్పకుండా ఈ వేదిక మీద మిగతా మాటలు చెప్పే అర్హత నాకు లేదు.

పడటం ఒక జబ్బు పేరు

"కాలు జారింది, పెద్దతనం కదా" అని సరిపెట్టుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరవాతి స్థానం దీనిదే. ఆ చనిపోయేవారిలో అత్యధికులు అరవై దాటినవారు. తుంటి దగ్గర ఎముక విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరక్కుండా కనీసం అయిదుగురిలో ఒకరిని పోగొట్టుకుంటున్నామని అనేక దేశాల అనుభవం చెబుతోంది. ఎముక ఒక్కటే వాళ్ళను చంపదు. మంచాన పడటం, ఊపిరితిత్తుల్లో నెమ్ము, పుళ్ళు, తిండి సయించకపోవడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

మన దేశంలో 2022 నాటికి అరవై దాటినవాళ్ళు సుమారు 14.9 కోట్లు. 2050 నాటికి 34.7 కోట్లవుతారని 2023లో వెలువడిన భారత వృద్ధాప్య నివేదిక అంచనా. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. మన రాష్ట్రాల్లో పిల్లలు తక్కువ, వాళ్ళూ ఊళ్ళో ఉండేది తక్కువ. ఇంతమందిని ఆసుపత్రులు చూసుకోలేవు. చూసుకోవలసింది ఇల్లే. కాబట్టి ఇంటి సంగతే చెబుతాను.

బాత్రూముతో మొదలుపెడదాం. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు పట్టుకునేందుకు గట్టి స్టీలు కడ్డీలు బిగించాలి. ఎంత ఎత్తున అన్నది మేస్త్రీకి వదిలెయ్యొద్దు. పెద్దావిడను అక్కడ కూర్చోబెట్టి లేవమనండి. లేచేటప్పుడు ఆమె చెయ్యి గోడ మీద ఎక్కడికి వెళ్తుందో అక్కడ సుద్దతో గీత గీయండి. కడ్డీ చోటు అదే. కమోడ్ పొట్టిదైతే పైన ఎత్తు సీటు వేయించండి. స్నానానికి రబ్బరు బుడిపెలున్న గట్టి స్టూలు. నేల మీద జారని చాప. తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ అవతలి నుంచి కూడా తియ్యగలిగేదై ఉండాలి. బకెట్లో ముందు చన్నీళ్ళు, ఆ తరవాతే వేణ్ణీళ్ళు. హీటరు రాడ్డును పెద్దవాళ్ళున్న ఇంట్లోంచి పూర్తిగా బయటికి పంపెయ్యండి.

తరవాత రాత్రి దారి. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు చాలు. దారిలో పట్టాలు, మడత పడే చాపలు, ఛార్జరు తీగలు ఉండకూడదు. మంచం మీద కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. లేచాక ఒక నిమిషం కూర్చుని, పాదాలు నాలుగుసార్లు ఆడించి, అప్పుడు నిలబడాలి. కాళ్ళకు తైలం మర్దనా చేస్తే తుడిచాకే నడిపించాలి. అరిగిన హవాయి చెప్పులు, నేలకు జీరాడే చీర కుచ్చిళ్ళు, పొడుగు లుంగీ, ఇవన్నీ నేను కళ్ళారా చూసిన కేసులు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మొదటి వారం మెట్ల దగ్గర ఎవరో ఒకరు తోడుండాలి.

"నువ్వు కదలకు, కూర్చో"

ఒకసారి పడ్డాక ఇంటిల్లిపాదీ ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది. "నువ్వు కదలకు, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అంటారు. డాక్టరు గారు ఈ మాట వింటే ఊరుకునేవారు కాదు. "మనిషిని కూర్చోబెట్టడం కాదయ్యా, ఇంటిని నిలబెట్టండి" అనేవారు.

ఆయన చెప్పినదానికి వైద్య చరిత్రలో సాక్ష్యముంది. 1935లో లండన్ శివార్లలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకు ఏడు వందల పైచిలుకు మంచాల వార్డులు అప్పగించారు. అక్కడి రోగుల్లో ఎక్కువమంది ఇక లేవరని తేల్చేసి ఏళ్ళ తరబడి పడుకోబెట్టిన ముసలివాళ్ళు. ఆమె ఒక్కొక్కరినీ విడిగా పరీక్ష చేసింది. లేపింది, నడిపించింది, వార్డుకు రంగులు వేయించింది. చాలామంది లేచారు, కొందరు ఇళ్ళకు వెళ్ళారు. వృద్ధుల వైద్యం అనే శాఖ ఆధునిక రూపానికి పునాది అక్కడ పడింది. మన దక్షిణాదిలో 1978లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఓపీ మొదలుపెట్టారు. మంచాన పడటం తలరాత కాదన్నదే ఈ శాఖ మూలసూత్రం.

2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ పది రోజుల్లోనే వాళ్ళ కాళ్ళ కండ సుమారు ఒక కిలో తరిగిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్ళకే ఇలా జరిగింది. జ్వరంతో పడుకున్న ముసలమ్మ సంగతి మీరే ఆలోచించండి.

అందుకని రోజూ చేయించాల్సిన పని ఒకటి చెబుతాను. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి వెయ్యండి. అందులోంచి చేతుల సాయం లేకుండా లేవడం, కూర్చోవడం. మొదట అయిదుసార్లు, మెల్లగా పదిసార్లు. తొడల్లో సత్తువ ఉన్నంతకాలం మనిషి తన పని తాను చేసుకుంటాడు. పరీక్ష కూడా మీరే చెయ్యొచ్చు. కుర్చీలోంచి లేచి, పదడుగుల దూరం నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో వాచీలో చూడండి. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదముందని అర్థం. వెంటనే డాక్టరుకు, ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

తిండి కూడా కండ కోసమే. పళ్ళు లేవని పెరుగన్నంతో సరిపెట్టడం మన ఇళ్ళల్లో అలవాటు. పప్పు, గుడ్డు, పాలు, మెత్తగా ఉడికించిన చేప, శనగపిండి అట్టు, వీటిలో ఏదో ఒకటి పూట పూటకూ పళ్ళెంలో ఉండాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ఎంతన్నది డాక్టరు చెబుతారు.

డబ్బా బోర్లించండి

ఆ రోజు కోడలు మంచం మీద బోర్లించిన బిస్కెట్ల డబ్బా ఇవాళ ప్రతి ఇంట్లో ఉంది. గుండె డాక్టరు, షుగరు డాక్టరు, ఎముకల డాక్టరు, ఎవరికి వారు మంచి మందులే రాస్తారు. అన్నీ కలిసి ఒకే ఒంట్లోకి వెళ్తున్నాయని చూసే మనిషి ఉండాలి. మూడు నెలలకొకసారి డబ్బా యథాతథంగా, నాటు మందులతో, పొడులతో సహా ఒక్క డాక్టరు ముందు బోర్లించండి. "వీటిలో ఏది తీసెయ్యొచ్చు?" అని అడగండి. డాక్టర్ని ఆ ప్రశ్న అడగడం అమర్యాద కాదు.

కొన్ని మందుల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. నిద్రమాత్రలు రాత్రి పడేస్తాయి. ప్రొస్టేటు మాత్రలు, బీపీ మాత్రలు, ఒంట్లో నీరు లాగేసే మాత్రలు నిలబడగానే బీపీని దించుతాయి. మందుల షాపులో అడిగి కొనుక్కునే కొన్ని జలుబు మాత్రలు వృద్ధుల్లో మూత్రం బిగించి, మనసు తికమక చేస్తాయి. కీళ్ళ నొప్పుల మాత్రలు రోజూ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. షుగరు మాత్ర వేసుకుని టిఫిను మానేస్తే షుగరు 70 కంటే కిందికి దిగిపోవచ్చు. ముసలివాళ్ళలో అది చెమటలుగా కనపడకపోవచ్చు, పిచ్చి మాటలుగా కనపడొచ్చు. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ షుగరు చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

ఇంకో హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోతే, మత్తుగా పడుకుంటే "ముసలితనం మీద పడింది" అనుకోకండి. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. గంటల్లో వచ్చిన తికమక వెనక మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో, నెమ్మో, కొత్త మాత్రో ఉంటుంది. వైద్యం చేస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తు పెట్టుకోండి. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజక్షనుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. తెల్లారాక చూద్దాం అనుకుంటే ఆ గడువు కాస్తా తీరిపోతుంది.

ఎండలు కూడా చెప్పాలి. 2015 మే నెల వడగాడ్పులు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకున్నాయి. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియదు, చెమట సరిగా పట్టదు. అడిగినప్పుడు ఇస్తామంటే కుదరదు. గంట గంటకూ గ్లాసు చేతికిచ్చి తాగేదాకా పక్కన కూర్చోవాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు ఎంత తాగించాలో ముందే అడిగి పెట్టుకోవాలి.

చూసుకునేవాళ్ళను ఎవరు చూస్తారు?

డాక్టరు గారు పెద్దవాళ్ళను చూడటం అయ్యాక బయటికొచ్చి, వాకిట్లో నిలబడి కోడల్ని అడిగేవారు. "నువ్వు రాత్రి నిద్రపోతున్నావా అమ్మా?" అని. ఆ ప్రశ్నకు ఎంతమంది ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారో నేను చూశాను. మంచం పట్టిన మనిషికి రాత్రి రెండేసి గంటలకు పక్క తిప్పాలి, బట్టలు మార్చాలి, పొద్దున్నే పిల్లలకు బాక్సులు కట్టాలి. ఈ పనికి జీతం లేదు, సెలవు లేదు, చాలా ఇళ్ళల్లో ఒక మంచి మాట కూడా లేదు.

కొడుకులకు చెబుతున్నాను. డబ్బు పంపడంతో మీ వంతు అయిపోయినట్టు కాదు. వారానికి ఒక రాత్రి, నెలకు రెండు రోజులు ఆ పని మీ చేతుల్తో చెయ్యండి. నాన్నకు స్నానం చేయించడం మగపిల్లాడికి నామోషీ కాదు. పెట్టుకున్న ఆయాకు కూడా వారానికొక సెలవు, వేళకు అన్నం, మర్యాదైన పిలుపు ఇవ్వండి. అలిసిపోయిన చేతులు మనసులో ఎంత ప్రేమ ఉన్నా మొరటుగా పడతాయి.

దూర దేశాల్లో ఉన్న పిల్లలు ఈ సభలో చాలామందికి ఉన్నారు. వీడియో కాల్‌లో ముఖం కనపడుతుంది, పాదాలు కనపడవు. "బాగున్నావా అమ్మా" అంటే "బాగానే ఉన్నాన్రా" అనే జవాబు వస్తుంది. "ఫోను పట్టుకుని వంటింట్లోకి నడువు అమ్మా, మాట్లాడుకుంటూ వెళ్దాం" అనండి. నడకా తెలుస్తుంది, పొయ్యి వెలిగిందో లేదో కూడా తెలుస్తుంది. సెలవుల్లో వచ్చినప్పుడు చీరలు తెచ్చినట్టే ఒక రోజు మేస్త్రీని, ప్లంబరును, కరెంటు పనివాణ్ణి పిలిపించండి. తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి వెళ్ళండి. పోలీసులమంటూ ఫోన్ చేసి, వీడియోలో "డిజిటల్ అరెస్టు" చేశామని బెదిరించే మోసాలు ఒంటరి వృద్ధులనే వెతుక్కుంటూ వస్తున్నాయి. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదని, ఫోన్ పెట్టేసి 1930కి చెప్పాలని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫోను దగ్గర అంటించండి.

వాళ్ళ మాట, వాళ్ళ ఇల్లు

భద్రత అంటే పెద్దవాళ్ళ చేతిలోంచి అన్నీ లాగేసుకోవడం కాదు. బ్యాంకు పుస్తకం, బీరువా తాళాలు, ఆఖరికి ఎవరింట పెళ్ళికి వెళ్ళాలో కూడా మనమే తేల్చేస్తున్నాం. ఇల్లు రాయించుకుని వరండాలోకి నెట్టేసినవాళ్ళూ ఉన్నారు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ఇలాంటివారి కోసమే. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు, వకీలు అక్కర్లేదు. నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని ఆ మాట తప్పితే, 23వ సెక్షను కింద ఆ రాతను రద్దు చేయించవచ్చు. కాబట్టి పెద్దలారా, పిల్లల మీద ఎంత నమ్మకమున్నా గిఫ్టు దస్తావేజులో ఆ షరతు రాయించండి. సలహాకు 14567 నంబరు ఉంది.

చట్టం ఆఖరి మెట్టు. అంతకు ముందు ఊరు ఉంది. 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు, మిత్రులు కలిసి మంచాన పడ్డవాళ్ళ నొప్పి తగ్గించడానికి ఒక సంఘం పెట్టారు. క్రమంగా ఇరుగుపొరుగువాళ్ళే కొద్దిపాటి శిక్షణ తీసుకుని, వారానికి కొన్ని గంటలు పక్క వీధి మంచం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని ఒక విధానంగా ప్రకటించింది. మన ఊళ్ళో భజన బృందం ఉంది, వాకింగ్ మిత్రులున్నారు, డ్వాక్రా సంఘాలున్నాయి, రిటైరైన టీచర్లున్నారు. వీధికి ఇద్దరు చొప్పున రోజూ పొద్దున ఒంటరి ఇళ్ళ తలుపు తట్టి "మామ్మగారూ, లేచారా?" అని పలకరిస్తే చాలు. మా అమ్మలా నేల మీద పడినవాళ్ళు రోజుల తరబడి ఎవరూ చూడకుండా ఉండిపోయే అవస్థ రాదు. డాక్టరు గారి పేరు మీద విగ్రహం పెట్టాలని కమిటీ అనుకుంటోందని విన్నాను. దానికంటే ముందు ఈ పలకరింపు మొదలుపెట్టండని కమిటీని వేడుకుంటున్నాను.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆపరేషనైన మర్నాడే ఫిజియోథెరపిస్టు ఆమెను లేపి నిలబెట్టాడు. అయిదు వారాలకు వాకరు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. నేను మేస్త్రీని పిలిచి, ఈసారి ఏదీ మిగల్చకూడదని గడపలన్నీ తీసి నేల సమం చెయ్యమన్నాను. అమ్మ వాకరు సింహద్వారానికి అడ్డంగా పెట్టి నిలబడింది. "బాత్రూము గడప తీసెయ్యి, ఒప్పుకుంటాను. వీధి గడప మాత్రం ముట్టుకోనివ్వను. గడప లేని ఇల్లు ఇల్లెలా అవుతుందే?" అంది. గడప ప్రమాదమని నేను, గడపే ఇల్లని ఆమె. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి గడప ఉంచి, దానికి రెండు పక్కలా గోడకు పట్టుకునే కడ్డీలు బిగించాం.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ఆ నల్ల గ్రానైటు గడపకు తన చేత్తో పసుపు రాస్తుంది. దట్టంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. డాక్టరు గారు కాలవ గట్టు ఇంట్లో చెప్పిన మాట ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. "ఎందుకమ్మా అంత దట్టంగా?" అని అడిగాను ఒకసారి. "నాకు కనపడాలిగా" అంది.

ఇంటికి వెళ్ళాక, మీ పెద్దవాళ్ళు పడుకునే గదిలో లైటు తీసేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, మంచం దగ్గర్నుంచి బాత్రూము దాకా ఒకసారి నడిచి చూడండి. ఈ పని ఇవాళే చెయ్యండి. రేపు చూద్దాం అనకండి.